పిడిలోని చరిత్ర: గంజాం సీమలో ఖండా మొదలు రివాల్వరు వరకు

ఆయుధం మాట వచ్చినప్పుడు అందరి చూపూ అలుగు మీదికే పోతుంది. కత్తి అయితే పదునెంత, తుపాకి అయితే గుండు ఎంత దూరం పోతుంది, అని అడుగుతారు. పిడి ఎటువంటిది అని అడిగేవారు బహు కొద్దిమంది. అయితే అలుగును ఏ దేశంనుంచి అయినా కొని తెచ్చుకోవచ్చును. పిడి మాత్రం పట్టేవాని చేతికీ, వాడు తలపెట్టిన పనికీ కుదరాలి. అందుచేత ఒక సీమలో ఎవరెవరు ఏ ఆయుధం పట్టారో, ఎప్పుడు అది వారి చేతిలోనుంచి జారిపోయిందో తెలుసుకోదలచినవారు పిడిని చూడడం మంచిది. మన ప్రవాసాంధ్ర కుటుంబాలలో అనేకులకు పుట్టినిల్లో మెట్టినిల్లో అయిన గంజాం, బరంపురం ప్రాంతం ఇందుకు తగిన చోటు. ఖోందుల గొడ్డలి, పైకుల ఖండా, జమీందారుల తల్వారు, తెల్లదొరల రివాల్వరు, ఇవన్నీ ఆ కొద్దిపాటి నేలమీద, నూరేళ్ల వ్యవధిలో, ఒకదానికొకటి ఎదురుపడ్డాయి.

ముందు మాటల సంగతి చెప్పుకుందాం. చేత పట్టే భాగానికి తెలుగువాడు ఒకే పేరు పెట్టి ఊరుకోలేదు. కత్తికీ కొడవలికీ వున్నది పిడి. గొడ్డలికీ పారకూ వున్నది కామ. నాగలికి వున్నది మేడి. పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు, పిడిబాకు అన్నీ ఒక్క కుదుట్లోవే. తమిళులకు పిడి అంటే పట్టుకొనడమే. పిడి మీద చేయి బిగుసుకొని కదలకుండా వుంటుంది. కామ మీద చేయి ముందుకూ వెనుకకూ జారుతూ వుంటుంది. కట్టెలు కొట్టేవారిని చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. మేడి మీద అరచేయి పై నుంచి నొక్కుతుంది, నేల ఎదురుతన్నినప్పుడు చేతిలోనే కొంచెం తిరుగుతుంది. మన పెద్దలు పేర్లలోనే మూడు రకాల పట్టులను విడదీసి పెట్టారు. ఈ తేడా గుర్తుంచుకుంటే ముందు రాబోయే రివాల్వరు కథ సుబోధకంగా వుంటుంది.

ఉత్తర సర్కారులలో చిట్టచివరిది గంజాం. 1753లో నైజాము ఈ సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం ఇచ్చిన ఫర్మానాతో ఇంగ్లీషు కంపెనీవారు హక్కుదారులయ్యారు. 1768లో గంజాం పట్టణానికి వారి మొదటి రెసిడెంటుగా ఎడ్వర్డు కాట్స్‌ఫర్డు వచ్చాడు. రుషికుల్యా నది ముఖద్వారం దగ్గరి నక్షత్రాకారపు కోట ఆనాటిదే. 1815లో ఊరిని విషజ్వరం తుడిచిపెట్టడంతో దొరలు అక్కడినుంచి లేచిపోయారు. జిల్లా కచేరీ ఛత్రపురానికి చేరింది, సైన్యానికి బరంపురం దండు అయింది. కాగితం మీద అధికారం ఎప్పుడో వచ్చినా కొండల మీదికి అది ఎక్కడానికి కంపెనీవారికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. మైదానంలోని పర్లాకిమిడి, గుంసూరు వంటి సంస్థానాలకు సొంత బలగం వుండేది. ఆ బలగమే పైకులు. జీతానికి బదులు మాన్యం భూమి అనుభవిస్తూ, శాంతికాలంలో మేడి పట్టి, పిలుపు వచ్చినప్పుడు పిడి పట్టినవారు.

ఒరిస్సా పైకులను గురించి 1820 ప్రాంతాల స్టిర్లింగు దొర వ్రాసిన వృత్తాంతంలో వారు మూడు తరగతులుగా కనిపిస్తారు. పెద్ద డాలూ ఖండా పట్టి కోటలు, కనుమలు కాచే పహరీలు. జామగి తుపాకులు పట్టి దూరప్రయాణాలు చేసే బనువాలు. విల్లూ కత్తీ పట్టే ఢెంకియాలు. ఈ ఖండా అనేది తిన్నని వెడల్పు కత్తి. దాని పిడిని చూడండి. వేళ్లకు అడ్డంగా ఇనుపరేకు బుట్టవలె వంగి వుంటుంది, లోపల మెత్త కుట్టి వుంటుంది. పిడి చివర నుంచి ఒక ఇనుప ములుకు వెనుకకు పొడుచుకొని వస్తుంది. అలంకారానికి పెట్టినది కాదు అది. డాలు పోయినప్పుడో, ఒక పెద్ద వేటు వేయవలసినప్పుడో రెండవ చేయి ఆ ములుకును పట్టుకుంటుంది. అంటే ఒకే కత్తికి పిడీ వున్నది, కామా వున్నది.

తల్వారు సంగతి వేరు. వంపు తిరిగిన అలుగు, చిన్న పిడి, పిడి చివర పళ్లెంవంటి గుండ్రని బిళ్ల. మ్యూజియంలో తల్వారును చేతిలోకి తీసుకున్న ఐరోపావారు పలువురు, ఈ పిడిలో తమ చేయి పట్టడంలేదనీ, హిందూదేశస్థుల చేతులు చిన్నవి కాబోలుననీ వ్రాసి పెట్టారు. ఆ మాటను మనవారు కూడా కొందరు వల్లించారు. ఇది తప్పు ఊహ. ఆ పిడి బిగుతుగా వుండడం కావాలని చేసిన పని. చూపుడువేలు అడ్డకమ్మీ మీదుగా ముందుకు పోతుంది, మిగిలిన మూడు వేళ్లు పిడి నడుమనున్న పొట్టమీద బిగుస్తాయి, వెనుకనున్న బిళ్ల మణికట్టుకు ఆనుతుంది. దానితో మణికట్టు ఇష్టం వచ్చినట్లు వంగడానికి వీలుండదు. అప్పుడు దెబ్బ భుజంనుంచి రావాలి, అలుగు తగిలిన తరువాత లాగుతూ కోయాలి. మణికట్టు తిప్పి ముందుకు పొడవడానికి అలవాటుపడిన ఐరోపా సైనికునికి ఆ పిడి సంకెల వలె తోస్తే వింత లేదు. అతడు తన యుద్ధం చేయడానికి మన పిడి పట్టుకున్నాడు. 

కత్తిని పిడిలో నిలిపేది లక్క. అలుగు అడుగున సన్నని తోక వుంటుంది. పిడిలోని డొల్లను కరిగించిన లక్కతో నింపి ఆ తోకను అందులో దింపి చల్లార్చేవారు. వేడిచేస్తే ఊడి వస్తుంది, మళ్లీ వేడిచేస్తే కూర్చుంటుంది. అందువల్ల ఒకే కత్తికి తాత కాలపు అలుగూ మనుమని కాలపు పిడీ వుండవచ్చును. ఫిరంగీ అని పేరున్న కత్తులు ఇలాంటివే: అలుగు ఐరోపానుంచి ఓడమీద వచ్చింది, పిడి ఇక్కడి కమ్మరి చేసింది. పరదేశపు ఉక్కును వాడుకోవడానికి మన యోధులు సంకోచించలేదు. పరదేశపు పిడిని మాత్రం ఒప్పుకోలేదు. ఈ ఒక్క సంగతి పిడి ప్రాముఖ్యాన్ని నేను చెప్పగలిగినదానికంటె బాగా చెబుతుంది.

ఇక కొండలమీది మాట. గుంసూరు భంజ వంశపు చివరి పాలకుడు ధనంజయ భంజుడు కంపెనీకి పేష్కషు బకాయిపడ్డాడు. 1835 చివర సైన్యం కదిలివచ్చేసరికి ఆయన కుటుంబంతో సహా ఖోందుల కొండలలోకి వెళ్లిపోయి, ఆ సంవత్సరాంతానికే మరణించాడు. శరణుజొచ్చిన రాజకుటుంబాన్ని ఖోందులు అప్పగించలేదు. మద్రాసు ప్రభుత్వం తరఫున కమిషనరుగా వచ్చిన జార్జి రస్సెల్ గ్రామాలను తగులబెట్టించాడు. కనుమలలో ఖోందులు పొంచి వుండి, 1836 మొదట్లో ఒక దళంమీద విరుచుకుపడి ఇద్దరు ఆంగ్లేయాధికారులనూ కొందరు సిపాయీలనూ నరికివేశారు. దొరా బిసోయి నాయకత్వాన నడిచిన ఆ యుద్ధం 1837 వరకు సాగింది. ఆ తరువాత ఆయన బంధువు చక్రా బిసోయి ఎన్నో ఏళ్లు దొరలకు చిక్కకుండా తిరిగాడు. దండు నిలిచిన చోటికి రస్సెల్‌కొండ అని పేరు పెట్టారు. దొర పేరుకు తెలుగు కొండ తగిలించిన ఆ ఊరు, ఆ రాజవంశానికే చెందిన కవి ఉపేంద్ర భంజుని పేర ఇప్పుడు భంజనగర్ అయింది.

ఖోందుల ఆయుధం గొడ్డలి. తోడుగా విల్లు, ఒడిసెల. డాలు పట్టరు. గొడ్డలి తల పలుచనిది, నెలవంకలవలె చిత్రంగా కోసి వుంటుంది. కామ సన్నగా పొడుగ్గా వుండి, పలుచోట్ల ఇత్తడి తీగె చుట్టి వుంటుంది. ఆ తీగె చుట్టడంలో అందం వున్నది, కాని పని కూడా వున్నది: చేయి జారినప్పుడు ఎక్కడ ఆగాలో అది చెబుతుంది, చెక్కను పగలకుండా కాపాడుతుంది. రెండు చేతులూ కామమీదనే వుంటాయి గనుక ఎదుటి దెబ్బను కామతోనే ఆపాలి. పొదలమధ్య నిటారు దారిలో, పది అడుగుల దూరంలో అకస్మాత్తుగా ఎదురయ్యే శత్రువుకు ఇది సరిపడిన ఆయుధం. సిపాయి చేతిలో వున్నది చెకుముకి తుపాకి. ఒకమారు పేల్చి మళ్లీ మందు దట్టించుకొనే లోపల గొడ్డలి వచ్చి మీదపడుతుంది. దొర నడుముకు వున్న పిస్తోలులో వున్నది ఒక్క గుండు. వానలో మందు తడిస్తే అదీ లేదు.

ఇక్కడ ఒక చిత్రమైన కాలసంయోగం వున్నది. గుంసూరుమీదికి సైన్యం బయలుదేరుతున్న ఆ 1835 సంవత్సరంలోనే, అక్టోబరులో, సామ్యుయేలు కోల్టు అనే అమెరికా యువకుడు ఇంగ్లండులో తిరిగే పిస్తోలుకు పేటెంటు పుచ్చుకున్నాడు. స్వదేశంలో అతనికి పేటెంటు వచ్చినది 1836 ఫిబ్రవరి 25న, అంటే గంజాం కనుమలలో గొడ్డళ్లు ఆడుతున్న రోజులలో. ఒక్క గుండు పిస్తోలుకు గొడ్డలిముందు వున్న లోపాన్ని తీర్చే యంత్రం అదే. కాని అది ఆ యుద్ధానికి అందలేదు. భూగోళానికి ఆ చివరనా ఈ చివరనా రెండు సంగతులు ఒకే వేళకు జరిగాయి, ఒకదానికొకటి తెలియకుండా.

రివాల్వరు ఇంగ్లీషు అధికారుల చేతికి వచ్చింది 1850 తరువాత. 1851 లండను ప్రదర్శనలో కోల్టు తన పిస్తోళ్లను చూపించాడు. ఇంగ్లండువాడే అయిన రాబర్టు ఆడమ్సు తన రివాల్వరుతో పోటీకి దిగాడు. ఆ రోజులలో అధికారులు పిస్తోలును తమ డబ్బుతో తామే కొనుక్కొనేవారు. కనుక ఏ పిడి పట్టాలన్నది సర్కారు నిర్ణయం కాదు, ఎవరికి వారు దుకాణంలో తేల్చుకోవలసిన సంగతి. ఇండియాకు ఓడ ఎక్కబోయే పడుచు అధికారికి అది ప్రాణంతో కూడిన బేరం.

ఆ రెంటికీ తేడా ఎక్కడున్నది? కోల్టుది సింగిల్ యాక్షను. అంటే ప్రతి గుండుకూ ముందు బొటనవేలితో సుత్తిని వెనుకకు లాగి నిలపాలి, తరువాత మీట నొక్కాలి. మీట చేసేది ఆ సుత్తిని వదలడం ఒక్కటే. గనుక అది తేలికగా కదులుతుంది, గురి చెదరదు. ఆడమ్సు మొదటి నమూనాలో సుత్తికి బొటనవేలు ఆనే కొక్కెమే లేదు. మీటను గట్టిగా లాగితే సుత్తి లేవడం, చక్రం తిరగడం, పేలడం అన్నీ ఒక ఊపులో జరుగుతాయి. 1856 ప్రాంతాల బ్యూమాంటు అనే అధికారి చేసిన మార్పుతో అది రెండు విధాలా పనిచేసింది.

యంత్రం ఎటువంటిదో పిడి అటువంటిది. ఆడమ్సు మీటను లాగడానికి బలం కావాలి. బలంగా లాగేటప్పుడు చేయి కదలరాదు. అందుచేత దాని పిడి నిటారుగా దిగుతుంది, చెక్కమీద గరుకు గళ్లు చెక్కి వుంటాయి, పిడి పైభాగాన బొటనవేలి పొరకు ఎగువగా ఒక ముక్కు పొడుచుకొని వచ్చి చేయి పైకి జారకుండా ఆపుతుంది. కోల్టుకు ఆ ముక్కు లేదు. చెక్క నున్నగా వుంటుంది. పిడి నిండుగా దిగి, అడుగున కొంచెం వెడల్పై, చక్కని వంపుతో వెనుకకు పోతుంది. అమెరికావారు ఆ ఆకారాన్ని నాగలి మేడి అని పిలుస్తారు. ఎవరు ఆ పేరు పెట్టినా దుక్కి దున్నిన చేయి తెలిసినవాడే. గుండు పేలినప్పుడు వెనుకకు తన్నే బలాన్ని ఈ పిడి అరచేతికి గుద్దదు. అరచేతిలోనే మెల్లగా తిరుగుతుంది, గొట్టం పైకి లేస్తుంది. అలా తిరగడంతో సుత్తి తనంతట తాను బొటనవేలి కిందికి వస్తుంది. దానిని లాగి, గొట్టం దించితే రెండవ గుండుకు సిద్ధం. మేడి ఎదురుతన్నినప్పుడు రైతు దానితో పోరాడడు, చేతిలో కొంచెం తిరగనిచ్చి మళ్లీ నొక్కుతాడు, ఇదీ అంతే.

1851 నాటి నేవీ నమూనా పిడినే కోల్టు కంపెనీవారు 1873లో వచ్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వరుకు ఉంచారు. గొట్టం మారింది, తోటాలు వచ్చాయి, మందు దట్టించే పని పోయింది. పిడి మాత్రం కదలలేదు. నేటికీ ఆ తరహా రివాల్వర్లు అదే వంపుతో తయారవుతున్నాయి. తల్వారు విషయంలో మన కమ్మరి చూపిన పట్టుదలకూ దీనికీ చుట్టరికం వున్నది.

అయితే ఒక్క మేడి పిడితోనే లోకం ఆగలేదు. పొట్టిగా, అడుగున గుండ్రంగా తిరిగిన పక్షితల పిడి ఒకటి వచ్చింది. కోల్టువారి 1877 నమూనాలో అది కనిపిస్తుంది. కోటు జేబులో చిక్కుకోదు, దాచడానికి సులువు. కాని చిటికెన వేలికి చోటు చాలదు, పెద్ద తోటా పేలిస్తే పట్టు సడలుతుంది. 1894లో బిస్లీ నమూనా వచ్చింది. ఇంగ్లండులోని బిస్లీ అనే గురిపందేల మైదానం పేరు దానికి పెట్టారు. దాని పిడి మరింత నిటారుగా వుండి, వెనుక భాగం చేతిమీదికి ఎత్తుగా పాకుతుంది. ఇది చేతిలో తిరగదు, తన్ను తిన్నగా అరచేతికి వస్తుంది. చేయి చాచి నిలబడి బొమ్మమీద గురిచూసే పోటీదారుకు అది నచ్చింది. బరువైన తోటాలు వాడేవారు ఇప్పటికీ ఆ ఆకారాన్నే కోరుకుంటారు.

లైసెన్సుతో ఆయుధం వుంచుకున్నవారు, లేదా పందెపు మైదానంలో గురి నేర్చుకొనేవారు, తమ చేతికి ఏది తగినదని అడిగితే, చరిత్రే జవాబు చెబుతున్నది. ఖాళీ రివాల్వరును కళ్లు మూసుకొని పట్టి చేయి చాచాలి. కళ్లు తెరిచినప్పుడు గొట్టం మోచేతికి సూటిగా వుంటే పిడి కుదిరినట్లు. గొట్టం నేలచూపు చూస్తుంటే పిడి చేతికి మరీ నిటారు. ఆకాశం చూస్తుంటే వంపు ఎక్కువ. పెద్ద చేయివారికి మేడి పిడిమీద చిటికెన వేలు మిగిలిపోతుంది. వారు దానిని పిడి అడుగుకు మడిచిపెట్టుకొనడం పాత అలవాటే. మీట కమ్మీ వెనుక, నడిమి వేలికి కణుపు దెబ్బ తగులుతున్నదంటే అక్కడ ఖాళీ నింపే వెడల్పు చెక్క వేయించుకోవాలి. చిన్న చేతులవారికి లావు చెక్కలు పనికిరావు. బొటనవేలు సుత్తిని అందుకోలేదు. అందంకోసం పిడి మార్చుకొనేవారిని నేను వారించను గాని, చేతితో సంప్రదించకుండా కంటితో ఒప్పందం చేసుకోవద్దని మాత్రం అంటాను.

ఏ పదార్థంతో చేయించాలన్న ప్రశ్న గంజాంవారికి మరీ దగ్గరిది. కోల్టు మొదట వాడినది అక్రోటు చెక్క. 1880 తరువాత గట్టి రబ్బరు చెక్కలు కూడా వచ్చాయి. ధనవంతులు దంతం వేయించుకొనేవారు. మన విశాఖపట్నం పనివారు 18వ శతాబ్దంలోనే దొరల కుర్చీలకూ పెట్టెలకూ దంతపు రేకు తాపడం చేసి, దానిమీద గీతలు చెక్కి లక్క నింపి పేరు పొందారు. పర్లాకిమిడిలోని కొమ్ముపనివారు గేదె కొమ్మునూ ఆవు కొమ్మునూ వేడిచేసి మెత్తబరచి, వంచి, నునుపు తీసి కొంగలనూ రొయ్యలనూ దువ్వెనలనూ చేస్తారు. నల్లని గేదె కొమ్ము పిడికి ఎంతో అందం. కాని అది గోరుజాతి పదార్థం. సముద్రపుగాలికి తేమ పీల్చి పొరలు విడుస్తుంది, పెట్టెలో మరచిపోతే పురుగు తింటుంది. సాంబరు దుప్పి కొమ్ము వేరు. అది ఎముకజాతి, గట్టిది, పైన గరుకు వుండడంవల్ల చెమట చేతిలో జారదు. అందుకే వేటకత్తులకు దానిని మించినది లేదనేవారు. దంతం తేమకు ఓర్చుకుంటుంది గాని ఎండకు పగులుతుంది. గోపాలపురం ఉప్పుగాలికి నూనె పట్టించిన మంచి చెక్కే అన్నిటికంటె నమ్మకమైనది. ఎలాగూ దంతపు మాట ఇప్పుడు ఎత్తడానికి లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, దానికి 1986లోనూ 1991లోనూ జరిగిన సవరణలు దంతపు వర్తకాన్ని పూర్తిగా మూసివేశాయి. అది మంచి పనే.

పిడి ఎంచుకొనే హక్కు అందరికీ వుండేది కాదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 1857 తిరుగుబాటు తరువాత వరుసగా వచ్చిన ఆయుధ చట్టాలలో ముఖ్యమైనది లిట్టను ప్రభువు కాలంలో 1878లో వచ్చినది. దాని ప్రకారం లైసెన్సు లేనిదే ఆయుధం వుంచుకోరాదు. నిబంధనలలో ఐరోపావారికి మినహాయింపు ఇచ్చారు, కొందరు జమీందారులకూ బిరుదులున్నవారికీ దయచూపారు. పైకు మనుమడు మాత్రం తాత ఖండాను దసరానాడు పసుపు కుంకుమ పెట్టడానికే దించవలసి వచ్చింది. అఖాడాలలో కర్రసాముగా, కత్తిసాముగా ఆ విద్య నిలిచింది గాని ఆయుధం ఇక ఆటసామాను అయింది. ఒక్క చట్టంతో ఒక సీమలోని వేలాది చేతులకు పిడి అలవాటు తప్పిపోయింది. మిగిలింది కామ, మేడి.

ఆ చేతులలో అనేకం ఓడ ఎక్కాయి. గోపాలపురం, బారువ, కళింగపట్నం రేవులనుంచి గంజాం, విశాఖ జిల్లాల తెలుగువారు రంగూను చేరి మిల్లులలో, రేవులో బరువులు మోశారు. అక్కడివారు మనవారిని కోరంగీలని పిలిచేవారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె జరిగింది. వారి స్థానంలో బర్మావారిని పెట్టుకున్న యజమానులు, సమ్మె తీరగానే పాతవారిని పిలిచి కొత్తవారిని పొమ్మన్నారు. మే 26న కొట్లాట రేగి ఊరంతా పాకింది. నూరుమందికి పైగా మరణించారు, వారిలో అత్యధికులు మన తెలుగు కూలీలే. వారిమీదికి వచ్చిన ఆయుధం ధా అనే బర్మా కత్తి. దాని పిడికి చేతిని కాచే అడ్డకమ్మీ వుండదు. పొడుగ్గా గుండ్రంగా మన గొడ్డలికామను పోలి వుంటుంది. వెదురు నరకడానికీ పొద కొట్టడానికీ ఇంటింటా వుండే పనిముట్టు అది. పనిముట్టు కనుక ఏ చట్టమూ దానిని ఇంటిలోనుంచి తీసుకుపోలేదు. మనవారి చేతులలో ఆనాడు వున్నవి మూటలు మోసే కొక్కేలూ కర్రలూ. ప్రవాసుల చరిత్రలో ఈ అధ్యాయాన్ని మన సంచికలు తరచుగా దాటవేస్తాయి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లా రెండైంది. బరంపురం, ఛత్రపురం, ఆస్కా అటు పోయాయి; ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. పర్లాకిమిడి పట్టణం అటు చేరడం సహించలేక గిడుగు రామమూర్తిపంతులుగారు జీవితమంతా గడిపిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. అటువంటి కుటుంబాలు ఇంకెన్నో. సామాను సర్దుకొనేటప్పుడు వంటపాత్రలు బండి ఎక్కాయి, గోడమీది కత్తి ఎవరికో ఇచ్చేశారు, లేదా అటకమీద వదిలివేశారు. లైసెన్సు పిస్తోలు వున్న కొద్ది ఇళ్లలో అది ఎక్కువగా వెబ్లీ. 1887లో బ్రిటిషు సైన్యం తీసుకొన్న ఆ రివాల్వరు మొదటి నమూనాలకు పక్షిముక్కు పిడి వుండేది. 1915లో వచ్చిన ఆరవ నమూనాలో దానిని పలకలుగా నిండుగా మార్చారు. స్వతంత్ర భారతంలో కాన్పూరులో తయారైన .32 రివాల్వరుకు మూలం కూడా ఆ వెబ్లీ పద్ధతే.

ఇటువంటి వస్తువు వారసులకు వచ్చినప్పుడు చేయవలసినదేమిటో తెలియక ఇబ్బంది పడేవారున్నారు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సుదారు గతించగానే తుపాకిని పోలీసు ఠాణాలో గాని, అనుమతి వున్న డీలరు వద్ద గాని అప్పగించి, వారసులు తమ పేర దరఖాస్తు చేసుకోవాలి. ఒక మనిషికి మూడు తుపాకులవరకు వున్న పరిమితిని 2019 సవరణ రెండుకు తగ్గించింది. అది అలా వుండగా, పాత పిడి అరిగిపోయిందని కొత్తది వేయించేవారికి ఒక మాట. కోల్టు కర్మాగారంలో ఏకచెక్క పిడి లోపలి గాడిలో సిరాతో రివాల్వరు నంబరు వ్రాసేవారు. రబ్బరు చెక్కల లోపల గీకేవారు. ఆ చెక్క పారవేస్తే ఏ పిడి ఏ తుపాకిదో చెప్పే సాక్ష్యం పోయినట్లే. కత్తుల సంగతీ ఇంతే. బికనీరు ఆయుధశాలవారు తమ కత్తుల పిడులమీద చుక్కలు చుక్కలుగా పొడిచి అక్షరాలు వ్రాయించారు. వాటివల్లనే నేడు ఆ కత్తులు ఎక్కడివో చెప్పగలుగుతున్నారు. మన ఇళ్లలోని తల్వారు పిడి బిళ్లమీదా అటువంటి గుర్తు వుండవచ్చును. మసి, నూనె, ఏళ్ల తరబడి పెట్టిన పసుపు కుంకుమ కింద అది కనిపించదు. తళతళలాడాలని ఇసుకతో రుద్దకండి, కొత్త పిడికోసం కంసాలి చేత లక్క కరిగించకండి. ముందు మెత్తని బట్టతో తుడిచి, పక్కనుంచి దీపం పట్టి, బిళ్ల రెండువైపులా చూడండి.